మసి ఎన్నాళ్ళకొకసారి కాలాలి?

యంత్రాలతో పరిచయం

కట్టెలపొయ్యి మీద రొట్టెలు కాల్చే ఇళ్ళలో, పెనాన్ని దింపి బోర్లించినప్పుడు దాని అడుగున అంటిన మసిలో ఎర్రని నిప్పురవ్వలు చీమలబారువలె పాకడం మనలో పెద్దవారు చూసే ఉంటారు. జంషెడ్‌పూరులో మన ఇరుగుపొరుగున ఉండే హిందీవారు దీనిని ‘తవా నవ్వుతోంది’ అంటారు. దానిని బట్టి శకునాలు కూడా చెబుతారు. శకునం సంగతి ఎట్లా ఉన్నా, అక్కడ జరుగుతున్నది స్వచ్ఛమైన రసాయనశాస్త్రం. మసి అంటే దాదాపుగా కర్బనమే. దానికి చాలినంత వేడి, చాలినంత గాలి దొరికితే కాలి బొగ్గుపులుసు వాయువుగా మారి ఎగిరిపోతుంది. పెనం తనను తానే శుభ్రం చేసుకొంటున్నదన్నమాట.

నేటి డీజిలు ట్రక్కు పొగగొట్టంలో అచ్చంగా ఇదే జరుగుతున్నది. 2020 తరువాత తయారైన భారీ ట్రక్కులలో పొగను వడకట్టే ఒక ఫిల్టరు ఉంటున్నది. అందులో చేరిన మసిని అప్పుడప్పుడు కాల్చి ఫిల్టరును మళ్ళీ ఖాళీ చేయడాన్ని రీజనరేషన్ అంటారు. డ్రైవర్ల వాడుకలో అది ‘రీజన్’ అయింది. మన ఉద్యోగుల కుటుంబాలలో ట్రక్కు నడిపేవారున్నారు, అప్పుచేసి ఒక బండి కొనుక్కొని కిరాయికి తిప్పుకొనేవారున్నారు. వారి నోట తరచుగా వినవచ్చే ప్రశ్న ఒక్కటే: “ఈ రీజన్ ఎన్ని కిలోమీటర్లకొకసారి రావాలి?” ప్రశ్న చిన్నదే. కాని దీనికి ఒకే అంకెను సమాధానంగా చెప్పేవారి మాట నమ్మవద్దని ముందే మనవి చేస్తున్నాను. ఎందుకో చూద్దాం.

నల్లపొగ నుండి వడపోత దాకా

ఈ విషయం చెప్పుకోవడానికి జంషెడ్‌పూరును మించిన చోటు లేదు. 1945లో రైలింజన్ల తయారీకై స్థాపితమైన టెల్కో, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారంతో ఈ ఊళ్ళోనే ట్రక్కుల నిర్మాణం ప్రారంభించింది. 2003లో ఆ సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారింది. డీజిలు ఇంజన్ల తయారీకై 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ కర్మాగారం కూడా ఇక్కడే ఉన్నది.

ఆ తొలి దశాబ్దాలలో ట్రక్కు నల్లపొగ వదిలితేనే ఇంజనులో బలమున్నట్టు లెక్క. మన దేశంలో డీజిలు వాహనాల పొగకు పరిమాణ నియమాలు మొదటిసారి వచ్చినది 1992లో. 2000 సంవత్సరపు నియమాల ప్రకారం పెద్ద ట్రక్కు ఇంజను ఒక కిలోవాట్-గంట పనికి 0.36 గ్రాముల వరకు ధూళికణాలను వదలవచ్చు. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమం దీనిని 0.01 గ్రాముకు కుదించింది. అంటే ముప్పయ్యారో వంతు. నాలుగో దశ నుండి ఐదో దశను దాటవేసి మన దేశం నేరుగా ఆరో దశకు వచ్చింది. ఆ తేదీ తరువాత పాత దశ వాహనాల అమ్మకం కూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే తీర్పు చెప్పింది. డీజిలులోని గంధకం కూడా పది లక్షల వంతులకు 50 వంతుల నుండి 10 వంతులకు తగ్గింది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, డీజిలు పొగ మనుషులలో క్యాన్సరుకు కారణమవుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం 2012లో నిర్ధారించింది. మసి కణాలలో చాలా భాగం ఒక మైక్రాను కంటె చిన్నవి. తలవెంట్రుక మందం సుమారు 50 నుండి 70 మైక్రాన్లు. ఇంత సూక్ష్మమైన కణాలను ముక్కులోని వెంట్రుకలు ఆపలేవు. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. ఇంజను లోపల ఎంత సవరించినా 0.01 గ్రాము నియమాన్ని అందుకోవడం భారీ ట్రక్కులకు కష్టసాధ్యం. అందుచేత వడపోత తప్పనిసరి అయింది.

ఫిల్టరు లోపల

ఈ ఫిల్టరు పింగాణీ జాతికి చెందిన పదార్థంతో చేసిన దిమ్మ. తేనెపట్టువలె దానినిండా సన్నని గొట్టాలు ఉంటాయి. అయితే ఒక గొట్టానికి ఈ కొస మూసి ఉంటే, పక్క గొట్టానికి ఆ కొస మూసి ఉంటుంది. లోపలికి వచ్చిన పొగ ముందుకు పోయే దారిలేక గొట్టాల మధ్యనున్న గోడ రంధ్రాలగుండా పక్క గొట్టంలోకి దూరి బయటపడుతుంది. మసి గోడమీద నిలిచిపోతుంది. బరువు లెక్కన చూస్తే నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా మసి ఇక్కడే ఆగిపోతుంది.

ఆగిన మసి పేరుకొంటే గాలి ఆడదు, ఇంజను ఊపిరి బిగబడుతుంది. కనుక దానిని కాల్చాలి. ఇది రెండు విధాల జరుగుతుంది.

మొదటిది, దానంతటదే జరిగేది. ఫిల్టరుకు ముందు ప్లాటినం వంటి లోహాలు పూసిన మరొక దిమ్మ ఉంటుంది. అది పొగలోని నైట్రిక్ ఆక్సైడును నైట్రోజన్ డయాక్సైడుగా మారుస్తుంది. ఈ వాయువు సమక్షంలో మసి సుమారు 250 నుండి 450 డిగ్రీల సెంటిగ్రేడు మధ్యనే మెల్లగా కాలుతుంది. నిండు బరువుతో పోయే ట్రక్కు పొగకు ఈ వేడి సహజంగానే ఉంటుంది. జంషెడ్‌పూరు సముద్రమట్టానికి 150 మీటర్ల లోపు ఎత్తున ఉన్నది. రాంచీ సుమారు 650 మీటర్లు. ఉక్కు కాయిల్స్ ఎత్తుకొని తైమారా ఘాటీ ఎక్కే బండిలో, డ్రైవరుకు తెలియకుండానే మసి కాలిపోతూ ఉంటుంది. దీపం వెలగదు, అదనపు డీజిలు ఖర్చు కాదు.

రెండవది, ప్రయత్నించి చేసేది. నైట్రోజన్ డయాక్సైడు సాయం చాలనప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో మసిని కాల్చాలి. దానికి సుమారు 600 డిగ్రీలు కావాలి. ఇంజను కంప్యూటరు పొగలోకి కొంత డీజిలు అదనంగా పంపి, ముందరి దిమ్మలో దానిని కాల్చి ఆ వేడి తెప్పిస్తుంది. డ్రైవరు ‘రీజన్ వచ్చింది’ అనేది ఈ రెండవ దానినే. ఇది బండి నడుస్తూ ఉండగా జరగవచ్చు, లేదా బండి ఆపి స్విచ్చి నొక్కి చేయించవచ్చు. సాధారణంగా 20 నుండి 40 నిమిషాలు పడుతుంది.

చిన్న లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కాగితం మీద ఒక ఊహాలెక్క వేద్దాం. ఫిల్టరు 20 లీటర్ల పరిమాణమనుకొందాం. లీటరుకు 4 గ్రాముల మసి చేరగానే కాల్చాలనుకొంటే మొత్తం 80 గ్రాములు. ఇంజను గంటకు 3 గ్రాముల మసి పంపుతున్నదనుకొంటే, దానంతటదే కాలేది ఏమీ లేనిపక్షంలో సుమారు 27 గంటలలో ఫిల్టరు నిండుతుంది.

ఈ 27 గంటలూ గంటకు 40 కిలోమీటర్ల సగటుతో సాగితే 1080 కిలోమీటర్లు. అదే బండి బరువుతో ఘాట్లు ఎక్కుతూ, మూడింట రెండు వంతుల మసిని దానంతటదే కాల్చుకొంటే 80 గ్రాములు చేరడానికి 81 గంటలు పడుతుంది, అంటే 3000 కిలోమీటర్లు దాటుతుంది. ఇక ఊళ్ళోనే తిరుగుతూ, గేట్ల వద్ద ఇంజను ఆపకుండా నిలబడుతూ, సగటున గంటకు 10 కిలోమీటర్లు మాత్రమే సాగితే అదే 27 గంటలకు 270 కిలోమీటర్లే. ఇంజను ఒకటే, ఫిల్టరు ఒకటే. సమాధానాలు మాత్రం మూడు.

మన ఊళ్ళో పగటివేళ భారీ వాహనాలకు నో-ఎంట్రీ ఉంటుందని అందరికీ తెలుసు. ఆ వేళల్లో ట్రక్కులు ఊరి అంచున బారులు తీరుతాయి. ఎండకాలం ఫ్యాను కోసమో, బ్రేకు గాలి దిగిపోతుందనో కొందరు ఇంజను ఆపరు. ఖాళీగా తిరిగే ఇంజను పొగ వేడి 100, 150 డిగ్రీలను మించడం అరుదు. మసి చేరుతూనే ఉంటుంది, కాలడం మాత్రం జరగదు. కిలోమీటరు ముల్లు కదలదు, ఫిల్టరు నిండుతుంది. “నిన్ననే కదా రీజన్ అయింది, ఈ వేళ మళ్ళీనా?” అనే విసుగుకు చాలాసార్లు కారణం ఇదే. కిలోమీటర్లతోబాటు ఇంజను నడిచిన గంటలను కూడా లెక్కించాలని చెప్పడం ఇందుకే.

వ్యవధి తగ్గితే

కనుక “ఎన్నింటికొకసారి” అనే ప్రశ్నను కొంచెం మార్చుకోవాలి. “నా బండికి, నా దారిలో, ఇన్నాళ్ళుగా ఎన్నింటికొకసారి వస్తున్నది? ఇప్పుడు ఆ వ్యవధి తగ్గుతున్నదా?” ఇది సరియైన ప్రశ్న. తల్లి తన బిడ్డ ఒంటివేడిని పక్కింటి బిడ్డతో పోల్చదు, నిన్నటి వేడితో పోల్చుతుంది. బండి సంగతీ అంతే.

ఒకే దారిలో, ఒకే బరువుతో నడుస్తున్న బండికి వ్యవధి క్రమంగా సగానికి పడిపోతే తప్పు ఫిల్టరుదని తొందరపడరాదు. ఫిల్టరు సాక్షి మాత్రమే, దోషి ఎక్కడో ముందర ఉంటాడు. నాజిలు కారుతూ ఉండవచ్చు. టర్బో సీలు అరిగి ఇంజను ఆయిలు పొగలోకి పోతూ ఉండవచ్చు. టర్బోకు, ఇంజనుకు మధ్య రబ్బరుగొట్టం చిట్లి గాలి తగ్గిపోతూ ఉండవచ్చు. ధూళి ఎక్కువైన మన ప్రాంతంలో ఎయిర్ క్లీనరు మూసుకుపోవడం కూడా సామాన్యమే. డీజిలులో కిరసనాయిలు కలిస్తే గంధకం పెరిగి ముందరి దిమ్మ శక్తి తగ్గిపోతుంది. ఫిల్టరుకు ఇరువైపులా ఒత్తిడి తేడాను కొలిచే సన్నగొట్టాలు పగిలినా, పూడినా కంప్యూటరు తప్పులెక్క వేస్తుంది. ఇవన్నీ చూడకుండా ఫిల్టరు మార్చితే కొత్త ఫిల్టరు కూడా అదే దారి పడుతుంది.

ఇంకొక గుర్తు. కొన్ని ఇంజన్లలో రీజన్‌కు కావలసిన అదనపు డీజిలును సిలిండరులోకే ఆలస్యంగా వదులుతారు. అందులో కొంత గోడలవెంట దిగి ఇంజను ఆయిలులో కలుస్తుంది. రీజన్ మాటిమాటికీ వస్తూంటే డిప్‌స్టిక్ మీద ఆయిలు మట్టం తగ్గడానికి బదులు పెరుగుతుంది. అది లాభం కాదు. పలచబడిన ఆయిలు బేరింగులకు శత్రువు.

మధ్యలో ఆపితే

ఒక డ్రైవరు పరిస్థితిని ఊహించండి. నో-ఎంట్రీ బారులో నిలబడి ఉండగా ఫిల్టరు దీపం వెలిగింది. చుట్టూ ఎండుగడ్డి. పొగగొట్టం వేడికి నిప్పంటుకొంటుందని భయపడి రీజన్‌ను ఆపే స్విచ్చి నొక్కాడు. అది నిజంగా మంచిపనే, ఆ స్విచ్చి ఉన్నదే అందుకు. పెట్రోలు బంకులు, గ్యాసు గోడౌన్లు, గడ్డివాములు, రేకుల షెడ్ల కింద రీజన్ కానీయరాదు. అయితే రాత్రి గేటు తెరిచారు, లోడింగు హడావుడిలో స్విచ్చి సంగతి మరిచాడు. రెండోనాడు దీపం మిణుకుమిణుకుమన్నది. చేరవలసిన గడువు తరుముతున్నది, పట్టించుకోలేదు. మూడోనాడు ఘాటు మధ్యలో ఇంజను బలం తగ్గిపోయింది. కంప్యూటరు తనను తాను రక్షించుకొనేందుకు చేసిన పని అది. బండిని లాగించాలి, సరుకు ఆలస్యానికి యజమాని మాటలు పడాలి, ట్రిప్పు బత్తా పోతుంది. ఇంటి దగ్గర నెలాఖరు ఖర్చుకు ఎదురుచూసేవారికి ఈ ‘ఒత్తిడి తేడా’ శాస్త్రం తెలియదు. చేతికి రావలసినది రాలేదని మాత్రం తెలుస్తుంది.

దీపాల భాష బండిని బట్టి కొంత మారుతుంది కనుక మీ బండి పుస్తకం చూడవలసినదే. అయినా వరుస సాధారణంగా ఇట్లా ఉంటుంది. దీపం నిలకడగా వెలిగితే ఖాళీ రోడ్డు మీద నిలకడైన వేగంతో కొంతసేపు నడపాలి. మిణుకుమంటే వీలైనంత త్వరగా సురక్షితమైన చోట ఆపి నిలబడి రీజన్ చేయించాలి. దానితోబాటు ఇంజను దీపం కూడా వెలిగితే వాయిదా వేయరాదు. ఎర్రదీపం వెలిగితే బండి ఆపి మెకానిక్‌ను పిలవడం తప్ప వేరే మార్గం లేదు.

మొదలైన రీజన్‌ను టీ కోసం మధ్యలో ఆపడం మరొక పొరపాటు. అప్పటిదాకా ఖర్చయిన డీజిలు వృథా. సగం కాలిన మసి అట్లాగే ఉండి, త్వరలోనే మళ్ళీ మొదటినుండి వేడి చేయవలసి వస్తుంది. మోతాదు మించి మసి చేరిన ఫిల్టరులో మంట అంటుకొన్నాక ఇంజనును ఒక్కసారిగా తగ్గిస్తే ఇంకా ప్రమాదం. వేడిని మోసుకుపోయే గాలి తగ్గి లోపలి ఉష్ణోగ్రత అదుపు తప్పుతుంది. దిమ్మ పగులుతుంది, కరిగిపోవడం కూడా కద్దు. తరచుగా కొద్దికొద్దిగా కాలడం కంటె, చాలాకాలం కాలకుండా ఉండి ఒక్కసారిగా కాలడమే ఫిల్టరుకు హాని.

మసి వేరు, బూడిద వేరు

పొయ్యిలో మసి కాలిపోయినా బూడిద మిగులుతుంది. ఫిల్టరులోనూ అంతే. ఇంజను ఆయిలులో కలిపే కాల్షియం, జింకు వంటి లోహాల లవణాలు కాలిన తరువాత బూడిదగా మిగిలి గొట్టాల చివర పేరుకొంటాయి. ఎన్ని రీజన్లు చేసినా అది పోదు. ఇటువంటి ఇంజన్లకు నిర్దేశించిన ఆయిళ్ళలో బూడిద ఒక శాతానికి మించకుండా చూస్తారు. లీటరు ఆయిలు బరువు సుమారు 870 గ్రాములు. కనుక ఇంజను తాగిన ప్రతి లీటరుకు ఎనిమిది, తొమ్మిది గ్రాముల దాకా బూడిద మిగలవచ్చు. అట్లా 30 లీటర్లు తాగేసరికి పావుకిలో. చవకగా వచ్చిందని వేరొక రకం ఆయిలు పోస్తే ఈ లెక్క త్వరగా పెరుగుతుంది.

బూడిద నిండినప్పుడు కూడా రీజన్ల మధ్య వ్యవధి తగ్గుతుంది, ఎందుకంటే మసికి చోటు తగ్గిపోయింది. అప్పుడు ఫిల్టరును విప్పి, తగిన యంత్రంతో వేడిచేసి గాలితో ఊది శుభ్రపరచాలి. సుదూర ప్రయాణపు బండికి ఈ అవసరం లక్షల కిలోమీటర్ల మీద వస్తుంది. సుత్తితో తట్టడం, ఇనుపచువ్వతో పొడవడం, జోరుగా నీళ్ళు కొట్టడం పనికిరావు. పింగాణీ పగిలితే పగుళ్ళలోంచి పొగ వడపోత లేకుండానే వెళ్ళిపోతుంది.

పీకివేద్దామనే ఆలోచన

ఇన్ని బాధలు ఎందుకు, ఫిల్టరును కోసివేసి కంప్యూటరును ఏమార్చుదామని సలహా ఇచ్చేవారు ఉన్నారు. బండిమీద అప్పు తీరని యజమానికి ఆ మాట తియ్యగానే వినిపిస్తుంది. ఆతని కష్టాన్ని తేలికగా చూడడం నా ఉద్దేశం కాదు. ఒక్కరోజు బండి నిలిస్తే ఆ రోజు కిస్తీ నిలవదు. అయినా ఇది చట్టానికి విరుద్ధం. తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే 190వ సెక్షను కింద, 2019 సవరణ తరువాత, పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా ఖైదు, లేదా రెండూ విధించవచ్చు. మూడు నెలలు లైసెన్సు కూడా పోతుంది.

చట్టం సంగతి అట్లా ఉంచినా, ఆ పొగ ఎవరికి చేరుతుందో ఆలోచించాలి. ట్రక్కు బారుల పక్కనే కొట్లు పెట్టుకొన్నవారున్నారు, బడికి నడిచివెళ్ళే పిల్లలున్నారు. అందరికంటె ఎక్కువసేపు ఆ పొగలో ఉండేది డ్రైవరు, క్లీనరు. ముందున్న బండి గొట్టం వెనక బండివారి ముక్కుకు ఎదురుగానే ఉంటుంది. బారులోని ప్రతి బండీ ఫిల్టరు తీసివేస్తే, ఒక్కొక్కరు మిగుల్చుకొన్న డబ్బుకు బదులు అందరూ ఒకరి మసి ఒకరు మింగవలసి వస్తుంది.

ఖర్చులేని ఉపాయం ఒకటున్నది. ట్రక్కులో ఎట్లాగూ డీజిలు లెక్క రాసుకొనే పుస్తకం ఉంటుంది. అందులో ఇంకొక్క వరస గీయండి. రీజన్ వచ్చిన తేదీ, కిలోమీటరు, ఇంజను గంటలు రాయండి. ఇంట్లో హైస్కూలు చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే, నెలకొకసారి ఆ అంకెల మధ్య తేడాలు తీసి చూపమనండి. నాలుగు నెలలు గడిచేసరికి మీ బండికి ఎన్నింటికొకసారి రీజన్ రావాలో ఆ పుస్తకమే చెబుతుంది. పైవాడు చెప్పిన అంకె కాదు, మీ బండి సొంత అంకె అది. ఆ అంకె తగ్గడం మొదలైననాడు, దీపం వెలిగేదాకా ఆగకుండా మెకానిక్ దగ్గరకు వెళ్ళండి.

పెనం అడుగున మసి నవ్వితే మన పెద్దలు చూసి ఊరుకొన్నారు, దానివల్ల నష్టం లేదు కనుక. ట్రక్కులో మాత్రం ఆ మంట ఎప్పుడు వచ్చిందో రాసిపెట్టుకొన్నవాడే నాలుగు రాళ్ళు వెనకేసుకొంటాడు.